బండి నడిపే మనిషికి బీమా ఎందుకంత ఆలస్యమైంది?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. కానీ మన మోటారు బీమా చట్టం వాళ్లను తలచుకుని రాసింది కాదు.

1939 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమాను, అంటే బండి కింద పడ్డవాళ్ల కోసం పెట్టిన బీమాను. 1988లో కొత్త చట్టం వచ్చినా పునాది అదే. ఎదుటి లారీది తప్పయితే దెబ్బలు తగిలిన మనిషి దాని బీమా మీద ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు. కుక్క అడ్డొచ్చి తనంతట తానే పడితే మాత్రం, తన పాలసీకి తాను థర్డ్ పార్టీ కాడు.

వెనక కూర్చున్నవాళ్ల సంగతి ఇంకా బాధాకరం. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, ఊరికే ఎక్కించుకున్న మనిషికి ఆ బండి బీమా కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదని తిలక్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త బండి మీద వెళ్తూ పడిపోయిన భార్యకైనా అంతే. జనం 'ఫుల్ ఇన్సూరెన్స్' అనే ప్యాకేజీ పాలసీలో వాళ్లకూ కవర్ ఉందని 2009 నవంబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ తేల్చింది. బండి కొనే రోజు కాస్త డబ్బు మిగుల్చుకుందామనుకున్న ఇంటికి ఈ తేడా ఎవరు విడమరచి చెబుతున్నారు?

నడిపే యజమానికి 2002 నాటి మోటారు బీమా రేట్ల పట్టిక (టారిఫ్) నుంచి వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నా, అది లక్ష రూపాయలే. మద్రాసు హైకోర్టు ఆదేశం తర్వాత, 2018లో దాన్ని 15 లక్షలు చేశారు. ఏడాదికి ప్రీమియం 750 రూపాయలుగా పెట్టారు. లైసెన్సు ఉండి తీరాలి. పైగా అది ప్రాణం పోతేనో, చెయ్యో కాలో కన్నో పోతేనో, పూర్తి శాశ్వత వైకల్యం వస్తేనో ఇచ్చే డబ్బు. కాలు విరిగి రాడ్డు వేస్తే ఆ ఆపరేషన్ ఖర్చు అందులో రాదు.

సుప్రీంకోర్టు గట్టిగా నిలదీశాక, 2025 మేలో కేంద్రం నగదు రహిత చికిత్స పథకం తెచ్చింది. తప్పెవరిదని అడగకుండా, ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా. తనంతట పడ్డవాళ్లకు ఇది నిజంగా పెద్ద మేలు. కానీ డెలివరీ కుర్రాడు ఎనిమిదో రోజున లేచి బండెక్కలేడు. తనంతట పడ్డ అతని మందుల ఖర్చుకీ, పోయిన నెలల సంపాదనకీ బండితో వచ్చే తప్పనిసరి బీమాలో ఇప్పటికీ చోటు లేదు.