చిన్న బోర్డుల మీద పారలల్ కంప్యూటింగ్ పాఠం: దీని వెనుక కథ

ఒకే లెక్కను అనేక ప్రాసెసర్లకు పంచి చేయించడం నేర్పాలంటే ఒకప్పుడు సూపర్ కంప్యూటరే కావాలి. అది పరిశోధన సంస్థల్లో ఉండేది. డిగ్రీ విద్యార్థులకు దాని దరిదాపులకు వెళ్లే వీలుండేది కాదు.

1994లో నాసా గాడర్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ బజారులో దొరికే 486 ప్రాసెసర్లు 16 తెచ్చి, మామూలు ఈథర్‌నెట్ (కంప్యూటర్లను కలిపే కేబుల్ నెట్‌వర్క్)తో కలిపి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిపించారు. దాని పేరు బేవుల్ఫ్. ప్రాసెసర్లు పరస్పరం సందేశాలు పంపుకునే ఎంపీఐ ప్రమాణం తొలి రూపమూ ఆ ఏడాదిదే. ఇప్పటికీ క్లాసుల్లో చెప్పేది ఆ ఎంపీఐనే.

అయినా చాలాకాలం పారలల్ కంప్యూటింగ్ ఇష్టమున్నవాళ్లు తీసుకునే సబ్జెక్టుగానే మిగిలింది. 2004-05 ప్రాంతంలో పరిస్థితి తిరగబడింది. వేడి తట్టుకోలేక చిప్ కంపెనీలు క్లాక్ వేగం (చిప్ సెకనుకు వేసే అడుగుల సంఖ్య) పెంచడం మాని, కోర్ల (ఒకే చిప్‌లోని విడివిడి ప్రాసెసర్ల) సంఖ్య పెంచసాగాయి. కొత్త చిప్ కొన్నంత మాత్రాన పాత ప్రోగ్రాము వేగం పుంజుకునే రోజులు పోయాయి. 2013లో ఏసీఎం, ఐఈఈఈ అనే కంప్యూటర్ నిపుణుల సంఘాల పాఠ్యప్రణాళిక పారలల్, డిస్ట్రిబ్యూటెడ్ (వేర్వేరు యంత్రాలకు పంచి చేసే) కంప్యూటింగ్‌ను ప్రత్యేక విభాగం చేసింది. పాఠం ముఖ్యమైంది సరే, ల్యాబ్ ఎక్కడిది?

అమెరికాలోని కాల్విన్ కాలేజీలో జోయెల్ ఆడమ్స్ 2007లోనే సుమారు 2,500 డాలర్లకు బల్లమీద పట్టే క్లస్టర్ (కలిసి ఒకే పని చేసే కంప్యూటర్ల గుంపు) చేసి చూపారు. అదీ చాలా కాలేజీలకు బరువే. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల రాస్‌ప్‌బెర్రీ పై అనే, ఒకే చిన్న బోర్డు మీద ఇమిడే కంప్యూటర్ వచ్చాక ఆ బరువు తగ్గింది. ఆ సెప్టెంబరుకల్లా ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సైమన్ కాక్స్ బృందం 64 బోర్డులను లెగో ముక్కలతో కట్టిన అరల్లో పేర్చి క్లస్టర్ చేసింది. ఆ అరలు కట్టడంలో ఆయన ఆరేళ్ల కొడుకు కూడా చేయి వేశాడు.

ఆ తొలి బోర్డులో ఒకటే కోర్, 700 మెగాహెర్ట్జ్ వేగం. నెట్‌వర్క్ సెకనుకు 100 మెగాబిట్లు, అదీ యూఎస్‌బీ దారిలో. ఇది లోపమని చాలామంది అన్నారు. నా దృష్టిలో బోధనకు ఇదే వరం. కొన్ని లెక్కలకు నాలుగు బోర్డులు కాస్తా ఎనిమిది చేస్తే పని త్వరగా అవడానికి బదులు ఇంకా ఆలస్యమవుతుంది. లెక్క కట్టే సమయం కన్నా బోర్డులు సందేశాలు పంపుకునే సమయం ఎందుకు ఎక్కువైందో విద్యార్థి తనే కొలిచి తెలుసుకుంటుంది. వేగమైన యంత్రంలో, చిన్న లెక్కతో, ఈ తేడా కంటికి ఆనదు. నడుస్తుండగా ఒక కేబుల్ పీకి, మిగతా బోర్డులు జవాబు కోసం ఎదురుచూస్తూ ఎలా నిలిచిపోతాయో చూపించవచ్చు. కోట్ల రూపాయల యంత్రంలో ఆ పని ఎవరు చేయనిస్తారు?

2015లో నాలుగు కోర్ల రాస్‌ప్‌బెర్రీ పై 2 రావడంతో ఒకే బోర్డు మీద ఓపెన్‌ఎంపీ (ఒకే మెమరీని పంచుకునే కోర్లకు పని పంచే పద్ధతి), బోర్డుల మధ్య ఎంపీఐ, రెండూ నేర్పే వీలు కలిగింది. 2017లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల కూడా 750 బోర్డుల క్లస్టర్ తెప్పించుకుంది. అసలు సూపర్ కంప్యూటర్‌ను ఆపకుండా, వేల నోడ్లకు (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు) రాసే సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించుకోవడం వాళ్ల అవసరం.