సూదులు సరే, గోళీ ఎవరు మానమన్నారు?

గుండెల్లో మంటకు సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ ఒక్కటే చాలా, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే గోళీ కూడా ఉండాలా? అమలాపురం నుంచి భీమవరం దాకా ఈ వాదన మళ్లీ మొదలైంది. డాక్టర్ బి.కె. బసు 1959లో ఈ వైద్యాన్ని కలకత్తాకు తేవడం, 2003లో కేంద్రం గుర్తింపు పాత సంగతులు. ఇప్పటి తగవంతా 2007 నాటి ఒక అమెరికా పరిశోధన దగ్గరే ఉంది. సూదులవాళ్లు చూపించే ఆధారం అదే.

అరిజోనాలో జరిగిన ఆ పరీక్షలో 30 మంది ఉన్నారు. అందరూ రోజుకో గోళీ వేసుకున్నా మంట తగ్గనివాళ్లే. సగం మందికి మోతాదు రెట్టింపు చేశారు. మిగతావాళ్లకు పాత గోళీ అలాగే ఉంచి, నాలుగు వారాల్లో పదిసార్లు సూదులు వేశారు. సూదులు పడ్డవాళ్లకే మంట, పులితేన్పులు బాగా తగ్గాయి. ఉత్తుత్తి సూదులతో పోల్చి చూడలేదు, అది లోటే. అయినా ఫలితం తీసిపారేయదగ్గది కాదు. కానీ ఒక్కరిచేత కూడా గోళీ మాన్పించలేదు. మన దగ్గర అదే పరిశోధన పేరు చెప్పి మాన్పిస్తున్నారు.

మా మావయ్య కోనసీమలో కొబ్బరి రైతు. పరగడుపు గోళీల స్ట్రిప్ ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది. సూదులు మొదలుపెట్టిన రోజే దాన్ని పారేయమన్నారు, పారేశాడు. వారం తిరక్కుండానే నడుం వాల్చలేక అరుగు మీద కూర్చుని తెల్లవార్చాడు. "జబ్బు ముదిరిపోయిందిరా అబ్బాయ్" అన్నాడు.

జబ్బు ముదరకపోయినా అలా అవుతుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందిపై పరీక్ష చేశారు. ఎనిమిది వారాలు ఈ రకం గోళీ వేసి ఆపేస్తే, నూటికి 44 మందిలో మంట, పులితేన్పుల వంటి బాధలు కనిపించాయి. మందులేని గోళీ మింగినవాళ్లలో నూటికి 15 మందికే. అణిచిపెట్టిన ఆమ్లం మందు ఆపగానే ఎగదన్నుతుంది. ఈ సంగతి మావయ్యకు ముందే చెప్పి ఉంటే ఆ రాత్రులు భయంతో గడిచేవి కావు.

ఏళ్ల తరబడి గోళీలు మింగడం మంచిదా అని సూదులవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాలామందికి ఎనిమిది వారాలకు రాసే మందు ఇది. ఎవరికి కొనసాగించాలో, ఎవరికి మెల్లగా తగ్గించాలో డాక్టరు చూసి చెప్పాలి.

మావయ్య ఇప్పుడు డాక్టరు చెప్పినట్టు రోజు విడిచి రోజు గోళీ వేసుకుంటున్నాడు. సూదులకూ వెళ్తున్నాడు. రాత్రి ఏడున్నరకే అన్నం తినేస్తాడు. మంచానికి తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించాం.