కయోటీ వేటకు రైఫిల్: అపోహలు – వాస్తవాలు

ఉత్తర అమెరికా ఖండంలో దాదాపు అంతటా కనిపించే కయోటీ, తోడేలుకు దగ్గరి బంధువు. మన గుంటనక్క కంటే కాస్త పెద్దదిగా, తోడేలు కంటే బాగా చిన్నదిగా ఉంటుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో దీని బరువు సాధారణంగా 9 నుంచి 16 కిలోల మధ్య ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాల కయోటీలలో తోడేలు రక్తం కొంత కలిసినందువల్ల అవి ఇంకొంచెం బరువు పెరుగుతాయి. టెక్సస్‌లో గొర్రెలు, మేకలు విస్తారంగా పెంచే ఎడ్వర్డ్స్ పీఠభూమి ప్రాంతంలో, ముఖ్యంగా మందలు ఈనే కాలంలో, కయోటీ వేట పశుపోషణలో ఒక భాగం. ఆ పనిలో ఉంటూ కొత్తవారికి రైఫిల్ వాడకం నేర్పుతున్న నన్ను, నగరాల శివార్లలో కొంత భూమి కొని మేకలు పెంచుకుంటున్న మన తెలుగువారు కూడా సలహా అడుగుతున్నారు. వారి ప్రశ్నల వెనుక తరచుగా కనిపించే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను. ఏ రైఫిల్‌నైనా నేను రెండు ప్రశ్నలతోనే పరీక్షిస్తాను: మనం గురి తప్పకుండా కొట్టగల దూరంలో అది జంతువు ప్రాణాన్ని బాధ లేకుండా, క్షణాల్లో తీయగలదా? ఆ బుల్లెట్ చివరకు ఎక్కడ ఆగుతుంది?

అపోహ: కాలిబర్ (బ్యారెల్ లోపలి వ్యాసం) ఎంత పెద్దదైతే అంత మంచిది

చలికాలంలో దట్టంగా పెరిగే బొచ్చు వల్ల కయోటీ ఒళ్లు పెద్దదిగా కనిపిస్తుంది గానీ, గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు నాలుగైదు అంగుళాల వెడల్పుకు మించదు. అంత చిన్న చోట బుల్లెట్‌ను దించాలంటే శక్తి కంటే నిలకడ ముఖ్యం. జింకలు, వాటికంటే పెద్దవైన ఎల్క్‌ల వేటకు వాడే .30-06 వంటి రైఫిల్ కయోటీని తప్పక పడగొడుతుంది. అయితే అది భుజాన్ని గట్టిగా తన్నుతుంది, ఆ తన్నుకు భయపడి కొత్తవారు ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే బిగుసుకుపోతారు, గురి చెదురుతుంది. కడుపులో తగిలిన పెద్ద బుల్లెట్ కంటే ఛాతీలో తగిలిన చిన్న బుల్లెట్ ఎంతో దయగలది.

.223 రెమింగ్టన్ అనే తూటా (బుల్లెట్, మందు కలిసి ఉన్న కార్ట్రిడ్జ్) 55 గ్రెయిన్ల (సుమారు మూడున్నర గ్రాముల) బుల్లెట్‌ను సెకనుకు సుమారు 3,240 అడుగుల వేగంతో పంపుతుంది. తన్ను చాలా తక్కువ కాబట్టి కాల్చిన తరువాత కూడా జంతువు గురి చూసే దుర్భిణి అయిన స్కోప్‌లోనే ఉంటుంది, దెబ్బ ఎక్కడ తగిలిందో కాల్చినవారు స్వయంగా చూడగలుగుతారు. తూటాలు దొరకని ఊరు లేదు, ధర కూడా మిగతావాటికంటే తక్కువ. అందువల్ల ఎక్కువగా సాధన చేయవచ్చు. అదే బరువున్న బుల్లెట్‌ను .22-250 రెమింగ్టన్ దాదాపు 3,680 అడుగుల వేగంతో పంపుతుంది. బుల్లెట్ మరింత తిన్నగా వెళ్తుంది గానీ, వెంటవెంటనే కాల్చేవారి చేతిలో బ్యారెల్ త్వరగా వేడెక్కి అరిగిపోతుంది. 1955లో వచ్చిన .243 విన్‌చెస్టర్ జింకకూ కయోటీకీ ఒకే రైఫిల్ కావాలనుకునేవారికి అనుకూలమైనది. బరువైన బుల్లెట్లు వాడితే పశ్చిమ టెక్సస్, కాన్సస్ మైదానాల గాలిని బాగా తట్టుకుంటుంది. మొదటి రైఫిల్ కొనేవారికి నేను .223నే సూచిస్తాను.

ప్రతి గుండుకూ చేత్తో తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్ కొనాలా, తదుపరి తూటాను తానే ఎక్కించుకునే ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ కొనాలా అన్న చర్చకు అవసరమైన దానికంటే ఎక్కువ ప్రాధాన్యం దక్కుతోంది. జంటగా వచ్చిన కయోటీలలో రెండవదానికి గురిపెట్టడానికి సెమీ ఆటోమేటిక్ ఉపయోగపడుతుంది. మొదటి గుండు మీదనే మనసు నిలపడం నేర్చుకోవడానికి బోల్ట్ యాక్షన్ ఉపయోగపడుతుంది. నేర్చుకునే దశలో ఉన్నవారి చేతికి నేను బోల్ట్ యాక్షనే ఇస్తాను.

అపోహ: చిన్న జంతువే కదా, .22 లాంగ్ రైఫిల్ చాలు

ఈ అపోహ పై దానికంటే హానికరమైనది. 40 గ్రెయిన్ల .22 లాంగ్ రైఫిల్ బుల్లెట్ బ్యారెల్ నుంచి బయటపడేటప్పటి శక్తి, .223 శక్తిలో సుమారు తొమ్మిదో వంతు మాత్రమే. యాభై గజాలకు గురి సరిచేసిన .22 బుల్లెట్ వంద గజాల దగ్గర ఆరు అంగుళాలకు పైగా కిందికి జారుతుంది. కుందేలుకు, ఉడుతకు తగిన తూటా అది. కయోటీ ప్రాణం గట్టిది. బలహీనమైన దెబ్బ తిన్నది పొదల్లోకి పారిపోయి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నరకం అనుభవించి చస్తుంది. ఇంట్లో ఉన్న రైఫిల్ అదొక్కటే అయితే కాల్చకుండా ఉండటమే సరైన పని. మందకు కాపలా కుక్కనో, మంచి కంచెనో ఏర్పాటు చేసుకోవడం మేలు.

అపోహ: .223, 5.56 ఒకటే

రెండు తూటాలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, బ్యారెల్ వెనుక తూటా కూర్చునే ఒకే గదిలో (చాంబర్‌లో) ఇముడుతాయి. అయితే 5.56 నాటో తూటాకు తగిన గదిలో బుల్లెట్‌కూ బ్యారెల్ లోపలి గాడులకూ మధ్య ఎక్కువ చోటు ఉంటుంది. 5.56 తూటాను .223 కోసమే చేసిన గదిలో కాలిస్తే పీడనం ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు. 5.56 అని ముద్రించిన రైఫిల్‌లో .223 తూటాను నిస్సంకోచంగా వాడవచ్చు. బ్యారెల్ మీద ఏమి రాసి ఉందో చదివిన తరువాతే తూటాలు కొనండి.

అపోహ: కాలిబర్ సరిపోతే ఏ బుల్లెట్ అయినా సరిపోతుంది

బ్యారెల్ లోపలి మెలిక గాడులు బుల్లెట్‌ను తిప్పుతాయి. ఆ తిరుగుడు చాలకపోతే బుల్లెట్ గాలిలో ఊగిసలాడి దారి తప్పుతుంది. ఎంత తిరుగుడు కావాలన్నది ప్రధానంగా బుల్లెట్ పొడవు మీద ఆధారపడి ఉంటుంది. పాత .223 బోల్ట్ రైఫిళ్లలో చాలావరకు పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెళ్లు ఉండేవి. వాటిలో 55 గ్రెయిన్ల బుల్లెట్ చక్కగా పోతుంది గానీ, 75 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్ పోదు. దానికి ఎనిమిది లేదా ఏడు అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్ కావాలి. .22-250 రైఫిళ్లలో సంప్రదాయంగా పద్నాలుగు అంగుళాల మెలిక ఉండేది కాబట్టి, పాత రైఫిల్ కొనేటప్పుడు ఈ సంగతి మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

ఈ లెక్క కాలిఫోర్నియాలో ఉన్నవారికి ఇంకా అవసరం. అక్కడ 2019 జూలై 1 నుంచి ఏ వన్యప్రాణి వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. రాగి సీసం కంటే తేలిక కనుక, అదే బరువున్న రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది, మరింత తిరుగుడు కోరుతుంది.

చర్మం చిరగకూడదని కొందరు పూర్తిగా లోహపు తొడుగు ఉన్న, తగిలాక విచ్చుకోని బుల్లెట్లు వాడతారు. నేను దానికి అంగీకరించను. అటువంటి బుల్లెట్ సన్నని రంధ్రం చేసి అవతలికి దూసుకుపోతుంది. జంతువు వెంటనే పడదు, బుల్లెట్ శక్తి ఎక్కువ భాగం దానితోపాటే ముందుకు సాగుతుంది. చర్మానికి వచ్చే కొద్దిపాటి డబ్బు కోసం ఆ బాధ కలిగించడం న్యాయం కాదు.

అపోహ: ఐదు వందల గజాలు కొట్టే రైఫిల్, పెద్ద స్కోప్ తప్పనిసరి

గాయపడిన కుందేలు అరుపును అనుకరించి పిలిచినప్పుడు కయోటీ మన వైపే వస్తుంది, ఎక్కువగా గాలి వాలు వైపు నుంచి చుట్టు తిరిగి వస్తుంది. కాల్చే అవకాశాల్లో అధిక భాగం రెండు వందల గజాల లోపే దొరుకుతుంది. పొదలు దట్టంగా ఉన్న దక్షిణ టెక్సస్‌లో అయితే ముప్ఫై గజాల దూరంలో హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. స్కోప్‌ను పద్దెనిమిది రెట్ల మీద పెట్టి కూర్చున్నవారికి ఆ క్షణంలో కళ్ల నిండా గోధుమరంగు బొచ్చు తప్ప మరేమీ కనిపించదు. మూడు నుంచి తొమ్మిది రెట్ల సాధారణ స్కోప్‌ను నాలుగు దగ్గర ఉంచి కూర్చోవడం, జంతువు దూరంగా ఆగితేనే పెంచుకోవడం మంచి పద్ధతి.

55 గ్రెయిన్ల .223ను రెండు వందల గజాలకు గురి సరిచేస్తే, వంద గజాల దగ్గర బుల్లెట్ ఒకటిన్నర అంగుళం పైన, మూడు వందల దగ్గర సుమారు ఏడు అంగుళాల కింద తగులుతుంది. అంటే రెండు వందల గజాల వరకు నేరుగా ఛాతీకి గురిపెడితే చాలు. ఆ పైన అసలు శత్రువు గాలి. గంటకు పది మైళ్ల అడ్డగాలి ఈ బుల్లెట్‌ను రెండు వందల గజాలలో దాదాపు నాలుగు అంగుళాలు, మూడు వందల గజాలలో తొమ్మిది అంగుళాలకు పైగా పక్కకు నెడుతుంది. గడ్డి కదలికను బట్టి ఆ గాలిని అంచనా కట్టడం ఏ స్కోప్ నేర్పదు, ఏళ్ల తరబడి మైదానంలో కాలిస్తేనే వస్తుంది. స్కోప్ మీద పెట్టే డబ్బులో కొంత తూటాలకు, మరికొంత నేల మీద కూర్చుని ఆసరాగా పెట్టుకునే రెండు లేదా మూడు కాళ్ల స్టాండ్‌కు ఖర్చు చేయండి. బెంచీ మీద రైఫిల్ పెట్టి గుండ్లన్నీ అంగుళం వెడల్పులోపే పడేలా కొట్టిన వ్యక్తి, అదే రైఫిల్‌ను మోకాలి మీద ఆన్చి ఎంత వెడల్పులో కొడతాడో, అదే అతని వేట దూరాన్ని నిర్ణయిస్తుంది.

అపోహ: చిన్న బుల్లెట్ నేలను తాకగానే పగిలిపోతుంది, వెనుక ఏముందన్నది అంత ముఖ్యం కాదు

పలచని తొడుగు ఉన్న బుల్లెట్లు చాలాసార్లు నేల తాకి ముక్కలవుతాయన్నది నిజం. ప్రతిసారీ కావు. పైగా గురి తప్పి ఆకాశం వైపు పోయిన బుల్లెట్‌ను పగలగొట్టేది ఏదీ ఉండదు; .22 లాంగ్ రైఫిల్ బుల్లెట్ సైతం మైలుకు పైగా ప్రయాణించగలదు. మిట్ట అంచున నిలబడిన కయోటీ మీద కాల్చకూడదు. దాని వెనుక మట్టి గట్టు కనిపించాలి. చిన్న కమతాలు ఉన్నవారు మరో విషయం గుర్తుంచుకోవాలి: టెక్సస్‌లో వేటాడుతూ కాల్చిన బుల్లెట్ మన సరిహద్దు దాటి పొరుగువారి భూమిలోకి వెళ్లడమే నేరం. పదెకరాల స్థలంలో ఏ వైపు కాల్చవచ్చో పగటిపూటే నడిచి చూసి నిర్ణయించుకోవాలి. అటువంటి వైపు ఒక్కటీ లేకపోతే ఆ స్థలం రైఫిల్‌కు తగినది కాదు.

అపోహ: థర్మల్ స్కోప్ ఉంటే చీకట్లోనూ అన్నీ తెలుస్తాయి

థర్మల్ స్కోప్ వేడిని చూపిస్తుంది. అక్కడ ఏదో ప్రాణి ఉందని చెబుతుంది. అది ఏ ప్రాణి అన్నది తేల్చుకోవలసింది మనమే. మూడు వందల గజాల అవతల కయోటీ, పొరుగింటి కుక్క, మందలోని దూడ ఒకే తెల్లని మచ్చగా కనిపించవచ్చు. వెనుక ఉన్న పలచని తీగ కంచె, చల్లారిన వాహనం కనిపించకపోవచ్చు. నడక తీరు, తోక వాలు, చెవుల ఆకారం స్పష్టంగా తెలిసేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

పొరపాటుకు ఎంత మూల్యం ఉంటుందో ఉత్తర కరోలినాను చూస్తే తెలుస్తుంది. ప్రపంచంలో ఎర్ర తోడేళ్లు స్వేచ్ఛగా తిరిగే ఒకే ఒక్క ప్రాంతం ఆ రాష్ట్రపు తూర్పు తీరంలో ఉంది. కయోటీలనుకుని వాటిని కాల్చడం వల్ల, 2014 మే నెలలో ఫెడరల్ న్యాయస్థానం అక్కడి ఐదు కౌంటీలలో కయోటీ వేటను నిలిపివేసింది. అదే సంవత్సరం చివర కుదిరిన ఒప్పందం పగటి వేటను అనుమతి పత్రంతో మాత్రమే అంగీకరించి, రాత్రి వేటను పూర్తిగా తప్పించింది. ఆరిజోనా, న్యూ మెక్సికోలలో మెక్సికన్ తోడేళ్లు తిరిగే ప్రాంతాల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం.

అపోహ: సప్రెసర్ బిగిస్తే శబ్దం ఉండదు

.223 వంటి తూటాలు కాల్చే రైఫిల్ శబ్దం 160 డెసిబెళ్లను దాటుతుంది. బ్యారెల్ కొనకు బిగించే సప్రెసర్ దాన్ని సుమారు ఇరవై నుంచి ముప్ఫై డెసిబెళ్ల వరకు తగ్గిస్తుంది. ధ్వని వేగాన్ని మించిన బుల్లెట్ గాలిని చీల్చే చప్పుడు అలాగే ఉంటుంది. చెవులకు రక్షణ అప్పుడు కూడా పెట్టుకోవాలి. 2026 జనవరి నుంచి సప్రెసర్ మీద ఉన్న 200 డాలర్ల పన్ను తొలగింది గానీ, 1934 నాటి చట్టం ప్రకారం ఫెడరల్ నమోదు, ఆమోదం ఇప్పటికీ తప్పనిసరి. కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో అసలే కుదరదు.

అపోహ: అమెరికాలో ఎవరైనా రైఫిల్ పట్టుకోవచ్చు

మనవారు తప్పక తెలుసుకోవలసిన విషయం ఇది. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉన్నవారు దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు. ఆ లైసెన్స్ గడువు ముగిసిన రోజున మినహాయింపు కూడా ముగుస్తుంది. స్నేహితుడి రైఫిల్‌ను కాసేపు పట్టుకున్నా ఈ నియమం వర్తిస్తుంది కాబట్టి, సొంత పరిస్థితిని న్యాయవాదితో నిర్ధారించుకున్న తరువాతే రేంజ్‌కు వెళ్లండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి.

స్వదేశానికి ప్రయాణమయ్యేటప్పుడు వేటకు వాడిన సంచిని, జాకెట్‌ను వెంట తీసుకెళ్లకండి. భారతదేశంలో లైసెన్స్ లేకుండా ఒక్క తూటా దగ్గర ఉన్నా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. జేబు అడుగున మరచిపోయిన ఒక్క .223 తూటా శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణాన్ని ఆపించడానికి చాలు.