రెండో ఆల్బమ్‌ను విమర్శకులు ముంచేస్తారా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

అనంతపురంలో కూర్చుని ఇండీ రాక్ (పెద్ద సంగీత సంస్థల అండ లేకుండా ఎదిగిన రాక్) ఆల్బమ్‌లకు సమీక్షలు రాస్తానంటే, సప్తగిరి సర్కిల్ దగ్గర నాతో పాటు టీ తాగే మిత్రులకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. బెంగళూరు ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరమే గనుక, సాయంత్రం అక్కడ ప్రదర్శన చూసి రాత్రి బస్సులో తిరిగి రావడం నాకు ఏళ్లుగా అలవాటు. ఇక్కడి ఇంజనీరింగ్ విద్యార్థుల్లో గిటారు పట్టినవారు తరచూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు. మొదటి ఆల్బమ్‌తో మెప్పించిన బ్యాండ్ రెండోదానిలో సాహసం చేస్తే విమర్శకులు ఎందుకు మొహం చిట్లిస్తారన్నది ఆ ప్రశ్న. దాని వెనుక ఉన్న అపోహలకు నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

అపోహ: సాహసించిన ఆల్బమ్‌ను విమర్శకులు తొక్కేస్తారు, శ్రోతలు కాపాడుకుంటారు.

దీనికి అందరూ చూపే ఉదాహరణ అమెరికన్ బ్యాండ్ వీజర్ రెండో ఆల్బమ్ ‘పింకర్టన్’. 1994లో వచ్చిన వారి మొదటి ఆల్బమ్‌ను రిక్ ఒకాసెక్ నిర్మించారు. పాటలు శుభ్రంగా, సరదాగా, వినగానే నోటికి వచ్చేలా ఉండేవి. రెండోదాన్ని అంతరిక్షం నేపథ్యంలో సాగే ఒక రాక్ సంగీత రూపకంగా మొదలుపెట్టి, ఆ ఆలోచనను మధ్యలో వదిలేసి, చివరికి బ్యాండే స్వయంగా నిర్మించుకుంది. 1996 సెప్టెంబరులో విడుదలైన ఆ ఆల్బమ్‌లో గిటార్లు గరుకుగా మోగుతాయి, గాయకుడు రివర్స్ క్వోమో తన ఒంటరితనాన్ని, సిగ్గుపడవలసిన కోరికలను దాపరికం లేకుండా పాడతాడు. అమెరికా ఆల్బమ్ అమ్మకాల పట్టికలో అది 19వ స్థానం దాటి పైకి వెళ్లలేదు.

‘రోలింగ్ స్టోన్ దాన్ని ఆ ఏటి చెత్త ఆల్బమ్‌లలో మూడోదిగా నిలబెట్టింది’ అన్న మాట నేను కనీసం ఇరవైసార్లు విని ఉంటాను. నిజానికి ఆ మూడో స్థానం ఇచ్చింది ఆ అమెరికన్ సంగీత పత్రిక పాఠకులు, ఓటు వేసి మరీ ఇచ్చారు. విమర్శకుల అభిప్రాయం మాత్రం రెండుగా చీలింది. సాహిత్యం పిల్లతనంగా ఉందని కొందరు తప్పుపట్టారు, సంగీతాన్ని మెచ్చుకున్నవారూ ఉన్నారు. 2004లో అదే పత్రిక ఆ ఆల్బమ్‌కు అయిదు నక్షత్రాలిచ్చింది, 2010లో అదనపు పాటలతో మళ్లీ విడుదలైనప్పుడు సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి పది వేసింది. అంటే మొదట తిప్పికొట్టినవారిలో ఎక్కువమంది, మొదటి ఆల్బమ్‌ను గుండెలకు హత్తుకున్న అభిమానులే.

ఇది మనకు కొత్త కాదు. మా వైపు పద్యనాటకాల్లో కృష్ణ వేషధారి పద్యం చివర రాగం తీసి ముగించగానే జనంలోంచి ‘వన్స్ మోర్’ అని కేక లేస్తుంది, ఆయన హార్మోనియం వైపు ఒకసారి చూసి అదే పద్యాన్ని మళ్లీ అందుకుంటాడు, రాయబారం అరగంట ఆలస్యమవుతుంది. రెండో ఆల్బమ్ కోసం ఎదురుచూసే అభిమాని కూడా మనసులో ఆ కేక వేసుకునే ఉంటాడు. బ్యాండ్ తరువాతి పద్యానికి వెళ్లిపోతే అతనికి కోపం రావడం సహజమే గానీ, ఆ కోపాన్ని విమర్శకుల ఖాతాలో రాయడం న్యాయం కాదు.

అపోహ: రెండో ఆల్బమ్ బలహీనపడేది తొందర వల్లే, తగినంత సమయం ఇస్తే అంతా సర్దుకుంటుంది.

ఇందులో సగం నిజముంది. మొదటి ఆల్బమ్‌లోని పాటలు చిన్న వేదికల మీద ఏళ్ల తరబడి అరిగి నునుపెక్కినవి, రెండోదానికి పర్యటనల మధ్య దొరికే ఏడాదో, ఏడాదిన్నరో మాత్రమే మిగులుతుంది. అయితే ఇంగ్లండు బ్యాండ్ స్టోన్ రోజెస్ 1989లో మొదటి ఆల్బమ్ తెచ్చి, రెండోదాన్ని 1994 డిసెంబరులో గానీ ఇవ్వలేదు. అయిదేళ్ల నిరీక్షణలో ఆశలు ఎంత పెరిగాయంటే, వచ్చినదాన్ని పలువురు నిరాశగానే అందుకున్నారు. మన పక్కనే, త్యాగరాజ కృతులను రాక్‌లోకి తెచ్చిన బెంగళూరు బ్యాండ్ అగం 2012లో మొదటిది, 2017లో రెండోది విడుదల చేసింది. వారికీ పట్టింది అయిదేళ్లే. క్యాలెండర్ చూసి ఆల్బమ్ మంచిచెడులు ఊహించేవారు వినే శ్రమ తప్పించుకుంటున్నారనే నా అనుమానం.

అపోహ: వాయిద్యాలు పెరిగితే, నిడివి పెరిగితే స్థాయి పెరిగినట్టే. దాన్ని మెచ్చనివాడికి చెవి లేదు.

కెనడా బ్యాండ్ ఆర్కేడ్ ఫైర్ 2004 నాటి తొలి ఆల్బమ్ తరువాత ఒక పాత చర్చి భవనాన్ని కొని స్టూడియోగా మార్చుకుంది, పైప్ ఆర్గన్‌నూ వాద్యబృందాన్నీ చేర్చి 2007లో ‘నియాన్ బైబిల్’ తెచ్చింది. అమెరికా పట్టికలో నేరుగా రెండో స్థానంలో అడుగుపెట్టిన ఆ ఆల్బమ్‌కు సమీక్షలూ బాగానే వచ్చాయి. నా మటుకు ఆర్గన్ ఉన్నందుకు దాన్ని మెచ్చుకోలేదు, పాటలోని భయానికి ఆ ఆర్గన్ అవసరమైనందుకు మెచ్చుకున్నాను. వాయిద్యాన్ని తీసేసినా పాట మారకుండా నిలబడుతోందంటే ఆ వాయిద్యం అలంకారమే.

ఈ విషయంలో నేనే ఒకసారి పప్పులో కాలేశాను. ఒక బెంగళూరు బ్యాండ్ తమ రెండో ఆల్బమ్‌ను విడుదలకు ముందే నాకు లింకుగా పంపింది. పద్నాలుగు పాటలు, డెబ్బై నిమిషాలకు పైగా నిడివి, నలుగురు వయొలినిస్టులు. గడువు దగ్గర పడటంతో రాత్రి బస్సులో ఫోను ఇయర్‌ఫోన్లతో రెండుసార్లు విని, వయొలిన్లు బురదలో కూరుకుపోయాయని, ఆల్బమ్‌కు ఆకారమే లేదని రాసేశాను. విడుదలైన నెల తరువాత ఇంట్లో స్పీకర్ల మీద విన్నప్పుడు ఆరో పాటలో చేయి ఆగిపోయింది. అక్కడి వయొలిన్ వరస, మొదటి పాటలోని బేస్ గిటారు వరసే. దాన్ని వేగం తగ్గించి, రెండు స్థాయిలు పైకెత్తి పెట్టారు. పన్నెండో పాటలో గాయకుడు దాన్నే గొంతుతో అందుకుంటాడు. ఆకారం ఉంది, నేను వినలేదు.

అయితే బురద గురించి రాసినది మాత్రం వెనక్కి తీసుకోను. ధ్వనిని కావాలనే గరుకుగా మార్చిన గిటారు, వయొలిన్, డ్రమ్స్‌లోని సింబల్ అనే ఇత్తడి పళ్లెం, గాయకుడి హల్లుల స్పష్టత, ఇవన్నీ సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య చోటు కోసం పోటీపడతాయి, మన చెవి ఎక్కువ చురుకుగా ఉండేదీ అక్కడే. విడివిడి ధ్వనులను కలిపే మిక్సింగ్‌లో ఎవరో ఒకరిని పక్కకు జరపకపోతే అందరూ ఉండీ ఎవరూ వినిపించరు. ఇక నిడివి సంగతి చెప్పాలంటే, పాత ఎల్‌పీ రికార్డులో ఒక వైపు ఇరవై నిమిషాలు దాటితే ధ్వని నాణ్యత తగ్గుతూ వస్తుంది గనుక, ఏ పాట తీసేయాలో బ్యాండే తేల్చుకోవలసి వచ్చేది. సీడీ వచ్చి డెబ్బై నాలుగు నిమిషాలు ఇచ్చింది, స్ట్రీమింగ్ ఆ హద్దునూ చెరిపేసింది. కత్తెర వేసే పని ఇప్పుడు ఎవరికీ ఇష్టం లేదు.

అపోహ: సమీక్ష చివర ఇచ్చే అంకె చూస్తే చాలు.

మెటాక్రిటిక్ అనే వెబ్‌సైట్ వివిధ సమీక్షల సగటు చూపుతుంది గానీ అది సాదా సగటు కాదు, కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు ఇస్తుంది, ఆ బరువులను బయటపెట్టదు. అంకె లేని సమీక్షకు కూడా అక్కడి సిబ్బందే ఒక అంకె అంటగడతారు. ఇంతకంటే దీని గురించి చెప్పవలసింది లేదు.

అపోహ: ఒకసారి అచ్చయిన సమీక్షను మార్చుకుంటే విమర్శకుడి పరువు పోతుంది.

పైన చెప్పిన ఆల్బమ్ మీద నేను రెండో సమీక్ష రాశాను. మొదటిదాన్ని తొలగించకుండా, ఏ తేదీన, ఎన్నిసార్లు, దేని మీద విన్నానో రెండింటికీ పైన చేర్చాను. బ్యాండ్ గిటారిస్టు ఫోను చేస్తే కృతజ్ఞతలు చెబుతాడనుకున్నాను. ఆయన మాత్రం, ‘సార్, ఆరో పాట సంగతి సరే, పదో పాట గురించి రెండుసార్లూ ఒక్క ముక్క రాయలేదేం?’ అని అడిగాడు. పదో పాట నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను.