డాలియాకు మన ఎండాకాలమే చలికాలం

నవంబరు మొదట్లో ఇంగ్లండులో డాలియా పెంచేవాళ్లు దుంపలు తవ్వే పనిలో ఉంటారు. అవే రోజుల్లో హైదరాబాద్‌లో మనం నర్సరీ నుంచి చిన్న మొక్కలు తెచ్చుకుని కుండీల్లో నాటుతుంటాం. పువ్వు ఒకటే, పని మాత్రం తలకిందులు. యూట్యూబ్‌లో చూసి "చలికాలం రాగానే దుంపలు తీసి దాచాలట" అని మొగ్గలతో ఉన్న మొక్కను డిసెంబరులో పీకేస్తే ఆ తప్పు పెంచినవాళ్లది కాదు. ఆ సలహా ఏ వాతావరణానికో, ఎందుకో విడమరిచి చెప్పకపోవడమే అసలు ఇబ్బంది.

అక్కడ తవ్వేది మంచుకు భయపడి. ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగిన రాత్రి, ఆకులో ముందు గడ్డకట్టేది కణాల మధ్య సందుల్లో ఉన్న నీరు. ఆ మంచు పలుకులు పెరిగేకొద్దీ కణాల లోపలి నీటిని బయటికి లాగేస్తాయి. కణం ముడుచుకుపోయి, దాని పొర చిరుగుతుంది. తెల్లారి ఎండ తగిలి మంచు కరిగాక ఆకులు ఉడికినట్టు వేలాడిపోయి, కాసేపటికి నల్లబడతాయి. పొర ఉన్నంతకాలం వేరువేరుగా ఉండే ఫినాల్ పదార్థాలు, ఎంజైములు ఇప్పుడు కలుస్తాయి. వాటికి గాలిలోని ఆక్సిజన్ తోడైతే వచ్చే రంగు అది. కోసిపెట్టిన వంకాయ ముక్క నల్లబడేదీ ఇలాగే.

మట్టి అంత త్వరగా వేడిని వదలదు కాబట్టి దుంప కొన్నాళ్లు క్షేమంగానే ఉంటుంది. నేల కూడా గడ్డకడితే మాత్రం దుంపా పోతుంది. అందుకే కాండాన్ని 10–15 సెంటీమీటర్లు ఉంచి కోసేసి, దుంపలు తీసి, 4 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండే చోట వసంతం దాకా దాస్తారు.

మనకు ఆ ఇబ్బంది లేదు. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు సగటున 14, 15 డిగ్రీలు. ఎముకలు కొరికే చలి అని మనం చెప్పుకునే రోజుల్లో కూడా డాలియా హాయిగా పూస్తుంది. దానికి కారణం ఆ మొక్క పుట్టిల్లు.

డాలియా మెక్సికో పీఠభూముల మొక్క. 1963 నుంచి అది ఆ దేశపు జాతీయ పుష్పం. దాని విత్తనాలు 1789లో మెక్సికో నుంచి స్పెయిన్ చేరాయి. 1791లో మాడ్రిడ్‌లో కావనీయెస్ అనే వృక్షశాస్త్రవేత్త, స్వీడన్‌కు చెందిన ఆండర్స్ డాల్ పేరు మీద దానికి ఈ పేరు పెట్టాడు. మ్యాప్ తీసి చూస్తే మెక్సికో సిటీ 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటుంది, హైదరాబాద్ 17 మీద. దాదాపు ఒకే వరస. తేడా అంతా ఎత్తులో ఉంది: అది 2,200 మీటర్ల పైన, మనం 500 చిల్లర. అక్కడ వానాకాలంలో పగలు 25 డిగ్రీల లోపు, రాత్రి 12, 13. డాలియా అలాంటి వాతావరణంలో పెరిగి పూస్తుంది. మనకు దానికి దగ్గరగా వచ్చేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే కాలమే.

అక్టోబరు దాటి వర్షాలు ఆగాక అక్కడి అడవి డాలియా పైకి ఎండిపోయి, పొడి నెలలన్నీ దుంపగా నేలలో గడుపుతుంది. నీళ్లు లేని కాలాన్ని దాటడానికే ఆ దుంప ఏర్పడింది. యూరప్ తోటమాలులు దాన్ని మంచు కాలానికి వాడుకున్నారు. మనం వాడుకోవాల్సింది ఎండాకాలానికి.

ఆ దుంపలో ఉండే నిల్వ పిండిపదార్థం కాదు, ఇనులిన్. ఫ్రక్టోజ్ చక్కెర అణువులు గొలుసుగా చేరితే ఏర్పడే పదార్థం. కిడ్నీల వడపోత వేగాన్ని కచ్చితంగా కొలవడానికి వైద్యులు దీన్నే ఎక్కించేవారు. మన శరీరం దాన్ని వాడుకోకుండా మూత్రంలో వదిలేస్తుంది మరి. పగలు 12 గంటల కంటే తగ్గిన రోజుల్లోనే మొక్క ఈ నిల్వ మీద బాగా దృష్టి పెడుతుంది. హైదరాబాద్‌లో అక్టోబరు నుంచి మార్చి మధ్య దాకా పగలు చిన్నవే. అంటే పైన పూలు పూస్తుండగానే కింద దుంప ఊరుతుంటుంది. అందుకే ఫిబ్రవరిలో పూలు తగ్గాయని పచ్చటి ఆకులున్న మొక్కను కోసేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ ఆకులు ఇంకా దుంపకు తిండి పెడుతున్నాయి. నీళ్లు మెల్లగా తగ్గిస్తూ, ఆకులు వాటంతటవే పసుపెక్కే దాకా ఆగాలి.

మార్చి చివర్లో కుండీని బోర్లించి మట్టి దులిపితే కాండం చుట్టూ దుంపలు గుత్తిగా కనిపిస్తాయి. వీటిని ఆలుగడ్డతో పోల్చుకోవద్దు. ఆలుగడ్డ కాండం, దాని ఒంటి నిండా కళ్లే. డాలియా దుంప వేరు, దాని మీద కన్ను ఉండదు. దుంప మెడ కాండాన్ని అంటుకునే చోట, ఉబ్బెత్తుగా ఉండే భాగం మీద గుండుసూది తలంత బుడిపె ఉంటుంది, దీని కన్ను అదే. ఒక్కోసారి లేత గులాబీ రంగులో ఉంటుంది. మొలక వచ్చేది అక్కడి నుంచే. ఆ భాగం లేకుండా విరిచిన దుంప ఎంత లావుగా ఉన్నా మొక్క కాదు. మెడ సన్నగా ఉంటుంది కాబట్టి కడిగేటప్పుడు, పట్టుకునేటప్పుడు వంగకుండా చూసుకోవాలి. కోసిన కాండం లోపల గుల్ల. అందులో నీళ్లు నిలిస్తే కుళ్లు నేరుగా కన్ను దాకా దిగుతుంది. రెండు మూడు రోజులు గుత్తిని నీడలో తలకిందులుగా పెడితే ఆ నీరు కారిపోతుంది.

ఇక దాచడం. మన కష్టమంతా ఇక్కడే. దుంప నిద్రలో ఉన్నా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, నిల్వను ఖర్చు చేస్తూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ ఖర్చు సుమారు రెట్టింపవుతుందని లెక్క. 5 డిగ్రీల నేలమాళిగలో దాచిన దుంపతో పోలిస్తే 35 డిగ్రీల గదిలో దుంప ఎనిమిది రెట్లు వేగంగా కరిగిపోవచ్చు. పైగా దాని తోలు చాలా పలచన, తేమ ఇట్టే పోతుంది. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద రేకుల షెడ్డులో పెడితే మే నెలాఖరుకు ఎండు కొమ్ములే మిగులుతాయి.

కాబట్టి ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది వెతకాలి. కోకోపీట్‌ను, అంటే కొబ్బరి పీచు పొట్టును, తడిపి గట్టిగా పిండి, అందులో దుంపలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మూతకు చిల్లులున్న డబ్బాలో పెట్టాలి. రెండు వారాలకోసారి చేత్తో చూడాలి: ముడతలు పడితే కాస్త నీళ్లు చిలకరించాలి, మెత్తబడిన దాన్ని వెంటనే తీసేయాలి. చిన్న కుండీల్లో పెరిగిన మొక్కలైతే అసలు తవ్వకపోవడమే నాకు నచ్చిన పద్ధతి. కుండీతో సహా నీడకు మార్చి, మట్టి పూర్తిగా రాయిలా ఎండకుండా అప్పుడప్పుడు కొద్దిగా తడిపితే చాలు. ఇరుకులో ఊరిన దుంపలు చిన్నవైనా గట్టిగా ఉంటాయి, బాగా నిలుస్తాయి.

జూన్‌లో సమస్య ఒక్కసారిగా మారుతుంది. అప్పటిదాకా ఎండిపోతాయని టెన్షన్, ఇప్పుడు కుళ్లిపోతాయని. తొలకరి పడగానే కుండీలను వాన తగలని చోటికి చేర్చి, డబ్బా మూత తెరిచి గాలి ఆడనివ్వాలి. కొన్ని దుంపలు అప్పుడే మొలకెత్తుతాయి. వాటిని ఆపే ప్రయత్నం చేయకుండా ఇసుక కలిపిన మట్టిలో పెట్టి, వెలుతురున్న నీడలో ఉంచి, వాటినే తల్లి మొక్కలుగా పెంచుకోవచ్చు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాటి నుంచి 7, 8 సెంటీమీటర్ల లేత కొమ్మలు కణుపు కింద కోసి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేరు పోస్తాయి. వర్షాలు తగ్గాక వాటిని కుండీల్లోకి మార్చితే, నర్సరీకి వెళ్లకుండానే నిరుటి రంగే మళ్లీ పూస్తుంది. విత్తనంతో ఆ నమ్మకం లేదు. డాలియాలో క్రోమోజోములు ఎనిమిది జతలు కాదు, ఎనిమిది సెట్లు, మొత్తం 64. గింజ ఏర్పడినప్పుడల్లా అవి కొత్తగా కలుస్తాయి కాబట్టి గింజ గింజకూ రంగు, రూపం మారిపోతాయి.