గడియారం గంట ముందుకు జరిపితే కరెంటు ఆదా అవుతుందా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో చాలాచోట్ల ఏటా మార్చిలో గడియారాలు గంట ముందుకు జరిపి, నవంబర్‌లో మళ్లీ వెనక్కి తెస్తారు. దీన్నే డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు. ఏటా జూలైలో ఎవరో ఒకరు నాకు కరెంటు బిల్లుల ఫోటోలు పంపుతారు. పోయిన ఏడాది పంపింది ఇండియానా రాష్ట్రంలోని ఇండియానాపోలిస్‌కి కొత్తగా వచ్చిన ఒక చెల్లెలు. ఏప్రిల్, మే, జూన్ బిల్లులు డైనింగ్ టేబుల్ మీద వరసగా పరిచి తీసిన ఫోటో. "అక్కా, మార్చిలో టైమ్ మార్చింది కరెంటు ఆదా కోసమే అన్నారు కదా. మాకు తగ్గకపోగా రెట్టింపయింది. మీటర్ పాడైందా? మేమేమైనా తప్పు చేశామా?" అని అడిగింది. చంటిబిడ్డ ఉన్న ఇల్లు, ఒక్క జీతం. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, మీటర్ కూడా బాగానే ఉంది. ఆమెకు ఎవరో చెప్పిన ఆ మాటే తప్పు.

నేను చేసేది లోడ్ ఫోర్‌కాస్టింగ్. రేపు ఏ గంటకి ఎన్ని మెగావాట్లు కావాలో ఇవాళే అంచనా కట్టి ఇవ్వాలి. గడియారం మారే వారం మాకు ఏడాది మొత్తంలో ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయాల్సిన వారాల్లో ఒకటి. అందుకే ఈ విషయంలో విన్నదే పట్టుకుని వాదించేవాళ్లని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

అపోహ: సాయంత్రం ఎక్కువసేపు వెలుతురు ఉంటుంది, లైట్లు వేయనక్కర్లేదు, కాబట్టి కరెంటు మిగులుతుంది.

వాస్తవం: ఒకప్పుడు ఇందులో అర్థం ఉంది. 1916 ఏప్రిల్ 30న జర్మనీ మొదటిసారి దేశమంతా గడియారాలు ముందుకు జరిపింది. అది యుద్ధకాలం, బొగ్గు మిగుల్చుకోవాలి. అప్పట్లో ఇళ్లలో కరెంటు అంటే దీపాలే. ఇప్పుడు మన ఇంట్లో లెక్క చూడండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు, గంటసేపు వెలిగితే 0.054 యూనిట్. మూడు టన్నుల సెంట్రల్ ఏసీ ఆగకుండా గంట నడిస్తే దాదాపు 3 యూనిట్లు. అంటే ఆ సాయంత్రం ఏసీ ఒక్క నిమిషం పైచిలుకు అదనంగా నడిచినా, లైట్లు ఆపి మిగిల్చిందంతా అక్కడే పోయింది.

ఏసీ అదనంగా ఎందుకు నడుస్తుందంటారా? జూన్‌లో ఇండియానాపోలిస్‌లో సూర్యుడి లెక్క ప్రకారం మిట్టమధ్యాహ్నం అయ్యేది గడియారంలో దాదాపు పావు తక్కువ రెండుకి. మీరు ఆఫీసు నుంచి అయిదున్నరకి ఇల్లు చేరితే, ఎండకి అది ఇంకా నాలుగు కూడా కాలేదు. ఇల్లు నిప్పుల కుంపటిలా ఉన్నప్పుడు వచ్చి ఏసీ పెంచుతారు. పొద్దు గుంకేసరికి తొమ్మిదింపావు దాటుతుంది. పిల్లలు పడుకునే వేళకి కూడా పడమటి కిటికీలో ఎండే.

ఇది నా ఊహ కాదు. ఇండియానాలో 92 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఉంటే, 2006 వరకు వాటిలో 77 కౌంటీలు గడియారం మార్చేవి కావు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి రాష్ట్రమంతా మార్చాలని చట్టం చేశారు. ఏటా 70 లక్షల డాలర్లకు పైగా కరెంటు ఖర్చు మిగులుతుందని అప్పుడు ప్రచారం జరిగింది. మాథ్యూ కోచెన్, లారా గ్రాంట్ అనే ఆర్థికవేత్తలు దక్షిణ ఇండియానా ఇళ్ల నెలవారీ బిల్లుల లెక్కలు 70 లక్షలకు పైగా తీసుకుని, మార్పుకు ముందూ తర్వాతా పోల్చారు. ఇళ్ల వాడకం సుమారు 1 శాతం పెరిగింది. రాష్ట్రం మొత్తానికి ఏటా దాదాపు 90 లక్షల డాలర్లు అదనపు బిల్లు. లైట్ల మీద కాస్త మిగిలిన మాట నిజమే, దాన్ని ఏసీ, హీటర్ కలిసి మింగేశాయి.

హీటర్ సంగతి చాలామందికి తట్టదు. నవంబర్ మొదట్లో, గడియారం వెనక్కి రాకముందు, ఇక్కడ తెల్లవారేది ఎనిమిది దాటాక. పిల్లల్ని బస్సెక్కించేది చీకట్లో, చలిలో. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతుంటాయి, హీటింగ్ నడుస్తుంటుంది. కోచెన్, గ్రాంట్ లెక్కలో పెరుగుదల అన్నిటికంటే ఎక్కువ కనబడింది ఈ ఆకురాలు కాలంలోనే, 2 నుంచి 4 శాతం దాకా.

అలాగని ఎక్కడా పైసా మిగలదని చెప్పడం కూడా తప్పే. 2007లో అమెరికా ఈ డేలైట్ సేవింగ్ కాలాన్ని ఇంకో నాలుగు వారాలు పొడిగించింది. ఆ అదనపు రోజుల్లో రోజుకు 0.5 శాతం కరెంటు మిగిలిందని ఇంధన శాఖ లెక్కగట్టింది. దేశం మొత్తానికి 130 కోట్ల యూనిట్లు. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ ఏడాది వాడకంలో అది 0.03 శాతం. ఆ తర్వాత 44 అధ్యయనాలని కలిపి చూసినవాళ్లకి సగటున 0.34 శాతం ఆదా తేలింది. భూమధ్యరేఖకి దూరంగా ఉన్న చల్లటి దేశాల్లో కొంచెం మిగులుతుంది, వేడి ప్రాంతాల్లో ఖర్చే పెరుగుతుంది. ఏసీ మీద బతికే ఇంటికి ఇందులో ఒరిగేది లేదు.

కాబట్టి బిల్లు తగ్గాలంటే గడియారం వైపు చూడకండి. మధ్యాహ్నం రెండు నుంచే పడమటి కిటికీల తెరలు దించండి. టైమ్ ఆఫ్ యూజ్ ప్లాన్, అంటే గంటను బట్టి కరెంటు రేటు మారే ప్లాన్ ఉన్నవాళ్లు టారిఫ్ షీట్ ఒకసారి తీసి చూడండి. కొన్నిటిలో వేసవిలో పీక్ గంటలు, అంటే రేటు ఎక్కువుండే గంటలు మారుతాయి. ఏసీ, హీటర్లని నడిపే పాత థర్మోస్టాట్, కారు చార్జర్ వాటంతటవే టైమ్ మార్చుకోవు. వాటిని మార్చకపోతే, చవక గంటలు అనుకుంటూనే నెలల తరబడి ఖరీదైన గంటలో వాడేస్తారు. ఆ చెల్లెలి ఇంట్లో దొరికింది ఇదే. థర్మోస్టాట్ గంట వెనకబడి ఉంది. అది సరిచేశాం, తెరలు కొన్నాం. మిగతా పెరుగుదలంతా ఎండాకాలం ఏసీది, ఏ ఇంట్లోనైనా ఉండేదే.

అపోహ: రైతుల కోసం పెట్టారు.

రైతులు గట్టిగా వ్యతిరేకించారు. అమెరికాలో 1918లో తెచ్చిన చట్టాన్ని 1919లో ఎత్తేయడానికి వాళ్ల ఒత్తిడి పెద్ద కారణం. ఆవు గడియారం చూసి పాలివ్వదు కదా.

అపోహ: నవంబర్‌లో గడియారం వెనక్కి జరిపిన రోజుకు 25 గంటలు కాబట్టి గంట బిల్లు ఎక్కువ పడుతుంది.

పడదు. మీటర్ లెక్కపెట్టేది యూనిట్లని.

అపోహ: మన దగ్గర కూడా పెడితే ఆంధ్ర, తెలంగాణలకి కరెంటు కొరత తీరుతుంది.

హైదరాబాద్‌లో అతి పెద్ద పగలు సుమారు 13 గంటలు, అతి చిన్నది 11. ఇండియానాపోలిస్‌లో 15 గంటలు, తొమ్మిదింపావు చిల్లర. జరుపుకోవడానికి ఇక్కడున్నంత పగలు అక్కడ లేదు, పైగా మే నెల ఎండలో గంట ముందే ఇంటికొచ్చి కూలర్ల కింద కూర్చోవాలి. ఈశాన్య రాష్ట్రాలకి వేరే టైమ్ కావాలన్నది ఇంకో వాదన, అందులో న్యాయం ఉంది. అస్సాం తేయాకు తోటలు ఎప్పటినుంచో గంట ముందు నడుస్తున్నాయి.

మా నాన్న గుంటూరు జిల్లాలో సబ్‌స్టేషన్ ఆపరేటర్‌గా రిటైరయ్యారు. గంటగంటకీ లాగ్‌బుక్‌లో లోడ్ రాసిన చెయ్యి. ఒకసారి మార్చిలో మా ఇంట్లో ఉండగా, నా పక్కన కూర్చుని ఆదివారం మీటర్ డేటా చూశారు. ఒకటి, రెండు, ఆ తర్వాత నాలుగు. వేలుపెట్టి చూపిస్తూ, "మూడో గంట లాగ్ ఎవరూ రాయలేదేంటమ్మా?" అన్నారు, నిజంగానే కంగారుగా. రాత్రి రెండవగానే గడియారం మూడుకి దూకుతుందని చెప్పి, పక్క స్క్రీన్‌లో మైసో లెక్క చూపించాను. మా ప్రాంతపు కరెంటు మార్కెట్‌ని నడిపేది మైసోనే. వాళ్లు ఏడాది పొడుగునా ఈస్టర్న్ స్టాండర్డ్ టైమే వాడతారు, గడియారం మార్చరు. అందులో 24 గడులూ నిండి ఉన్నాయి.

సోమవారం లోడ్ కర్వ్, అంటే గంటగంటకీ వాడకం చూపే గీత తెరిచి, అంతకుముందు సోమవారంది దాని మీద పెట్టాను. పొద్దున పీక్ గంట ముందే వచ్చి, కాస్త పైకి లేచింది. సాయంత్రం పీక్ కొంచెం వంగింది. నాన్న రెండు గీతల్నీ చాలాసేపు చూశారు. "మొత్తం మారలేదు కదమ్మా, అటుది ఇటు జరిగింది" అన్నారు.

ఇప్పుడు ఏటా నవంబర్ మొదటి ఆదివారం గుంటూరు నుంచి ఫోన్ చేస్తారు. బీపీ మాత్ర వేసుకున్నారా అని నేను అడిగేలోపే ఆయన అడుగుతారు, "ఈ రోజు రెండో గంట రెండుసార్లు రాశారా?" అని.