తొమ్మిది పిన్నుల పోర్టు ఇంకా పనిలోనే ఉంది: పాత కంప్యూటర్లపై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో ఒక చిన్న దుకాణంలో పాతికేళ్లకు పైగా కంప్యూటర్లు బాగు చేస్తున్నాను. గోడకు కొట్టిన మేకుకు పాత కేబుళ్లు వేలాడుతుంటాయి: ఇరవై అయిదు పిన్నులవి, తొమ్మిది పిన్నులవి, గుండ్రటి మూతివి. వాటిని చూడగానే కొందరి ముఖాలు వెలుగుతాయి. "ఇంకా ఉంచారా!" అంటారు. ఆ మమకారం నాకూ ఉంది. కానీ దానితో పాటు కొన్ని తప్పుడు నమ్మకాలూ ఉన్నాయి. వాటి వల్ల మంచి యంత్రాలు తుక్కులోకి పోవడం చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: సీరియల్ పోర్టుకు (కంప్యూటర్ వెనుక ఉండే, సమాచారాన్ని ఒక్కో బిట్టుగా వరుసగా పంపే తొమ్మిది పిన్నుల సాకెట్) కాలం చెల్లింది.

ధాన్యం మిల్లుల దగ్గర లారీలు తూచే కాటా గదిలోకి వెళ్లి చూడండి. బరువు చూపించే పెట్టె నుంచి కంప్యూటర్‌కు వచ్చే తీగ చాలాచోట్ల ఇప్పటికీ తొమ్మిది పిన్నుల సీరియల్ తీగే. దాని వెనుక ఉన్న ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. తొమ్మిది పిన్నుల్లో ఈ పనికి కావలసినవి మూడే. కంప్యూటర్ వైపు నుంచి చూస్తే రెండోది వినడానికి, మూడోది చెప్పడానికి, అయిదోది గ్రౌండు. సెకనుకు 9600 బిట్ల వేగంలో, అక్షరానికి పది బిట్ల లెక్కన 960 అక్షరాలు వస్తాయి. లారీ బరువు రాయడానికి అయిదారు అంకెలు చాలు. అంతకు మించిన వేగం ఎందుకు? దూరం సంగతి కూడా చూడండి. యూఎస్‌బీ 2.0 తీగకు అయిదు మీటర్లు హద్దు. ఈ తీగ పదిహేను మీటర్లు నిశ్చింతగా వెళ్తుంది. కాటాకూ గుమాస్తా బల్లకూ మధ్య ఉండే దూరానికి అదే సరిపోతుంది.

అన్ని పోర్టుల్లో నాకు ఇదంటేనే ఎక్కువ ఇష్టం. బరువు రావడం లేదని ఎవరైనా ఫోను చేస్తే మల్టీమీటరు ఒక్కటి పట్టుకుని వెళ్తాను. ఏమీ పంపని సమయంలో మూడో పిన్నుకూ అయిదో పిన్నుకూ మధ్య మైనస్ వోల్టేజి కనిపించాలి. కనిపిస్తే కంప్యూటర్ పోర్టులో ప్రాణం ఉన్నట్టే. ఇక తీగనో, ఆ పెట్టెనో చూసుకోవాలి. ఏ తీగ ఏ పని చేస్తోందో వేలు పెట్టి చూపించగలిగిన రోజులవి. ఇప్పటి పోర్టుల్లో ఆ సుఖం లేదు.

ఒక హెచ్చరిక. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే తీగలన్నీ ఒకటే అనుకోకండి. సర్క్యూట్ బోర్డుల కోసం చేసినవి 3.3 లేదా 5 వోల్టులకే తట్టుకుంటాయి. ఆర్‌ఎస్-232లో ప్లస్ వైపూ మైనస్ వైపూ పదిహేను వోల్టుల దాకా రావచ్చు. రెండింటినీ నేరుగా కలిపితే ఆ చిన్న చిప్పు కాలిపోతుంది.

అపోహ: కీబోర్డును ఎప్పుడైనా పీకి పెట్టవచ్చు.

యూఎస్‌బీ కీబోర్డును పీకవచ్చు. ఊదారంగు గుండ్రటి పోర్టులోని కీబోర్డును మాత్రం కంప్యూటర్ నడుస్తుండగా తీయకూడదు. 1987లో ఐబీఎం తెచ్చిన ఈ పీఎస్/2 పోర్టును అలాంటి వాడకం కోసం రూపొందించలేదు. పాత మదర్‌బోర్డుల్లో ఆ పోర్టు దగ్గర బియ్యపుగింజంత ఫ్యూజు ఉంటుంది. ముందు పోయేది అదే. కీబోర్డు పాడైందనుకుని కొత్తది కొంటారు, అదీ పనిచేయదు, ఆఖరికి బోర్డునే పారేస్తారు. పారేసే ముందు ఆ ఫ్యూజు చూపించండి. అది మార్చి నేను నిలబెట్టిన బోర్డులు చాలా ఉన్నాయి.

అపోహ: వీజీఏ అంటే మసక బొమ్మ.

వీజీఏ అంటే మానిటరుకు బొమ్మను పంపే పదిహేను పిన్నుల పాత పోర్టు. మసక చాలావరకు చవక కేబుల్ వల్ల వస్తుంది. మంచి కేబుల్ వేస్తే 1920×1080 బొమ్మ కూడా తేటగా కనిపిస్తుంది.

అపోహ: తొలినాటి ఇంటి కంప్యూటర్లు ఆటబొమ్మలు.

ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. 1984లో మన కేంద్ర ప్రభుత్వం పాఠశాలల కోసం మొదలుపెట్టిన 'క్లాస్' పథకంలో ఇచ్చింది ఏకార్న్ సంస్థ రూపొందించిన బీబీసీ మైక్రోలనే. 32 కిలోబైట్ల మెమరీ, 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. ప్రోగ్రాములను మామూలు టేపు రికార్డరులో 1200, 2400 హెర్ట్జ్ కూతలుగా దాచుకునేది. మెమరీ నిండా ఉన్నది టేపు నుంచి తిరిగి ఎక్కాలంటే నాలుగున్నర నిమిషాలకు పైగా పట్టేది. దాని అడుగున 'ట్యూబ్' అనే పోర్టు ఉండేది. మరో ప్రాసెసర్‌ను తగిలించడానికే ఆ పోర్టు. ఏకార్న్ ఇంజనీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన తొలి ఆర్మ్ చిప్పు 1985 ఏప్రిల్‌లో చేతికి వచ్చినప్పుడు దాన్ని పనిలో పెట్టింది ఆ ట్యూబ్ ద్వారానే. ఈ వ్యాసాన్ని మీరు ఫోనులో చదువుతుంటే, అందులో ఉన్నది దాదాపుగా ఆ చిప్పు వంశానికి చెందిన ప్రాసెసరే.

అపోహ: గుడ్డ చుట్టి అటక మీద పెడితే యంత్రం భద్రం.

కళింగపట్నం నుంచి ఒక విశ్రాంత మాస్టారు తన బీబీసీ మైక్రోను తెచ్చారు. పాఠశాల వేలంలో కొన్నారట. "ఇరవై ఏళ్లుగా ముట్టుకోలేదు బాబూ, కొత్తదానిలా ఉంది, ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దామా?" అన్నారు. "వద్దు మాస్టారూ, ముందు మూత విప్పనివ్వండి" అన్నాను. పవర్ సప్లైలో కరెంటు వచ్చే చోట ఉండే పేపరు కెపాసిటర్ పైతొడుగు అంతా నెర్రెలు విచ్చి ఉంది. ఆ నెర్రెల్లోంచి సముద్రపు తేమ లోపలికి దిగుతుంది. ఆ స్థితిలో 230 వోల్టులు తగిలితే ఢామ్మని పేలి ఇల్లంతా పొగ నింపుతుంది. కొత్త కెపాసిటర్ వేశాకే ప్లగ్గు పెట్టాం. రెండు స్వరాల బీప్ వినిపించగానే మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

286, 386 ప్రాసెసర్లున్న పాత కంప్యూటర్లకు ఇంకో గండం ఉంది. గడియారం కోసం బోర్డుకు టంకం వేసిన నికెల్-కాడ్మియం బ్యాటరీ ఏళ్ల తరబడి కారి రాగి గీతలను తినేస్తుంది. ఆకుపచ్చ పూత కనిపిస్తే ఆ బ్యాటరీని తీసేయాలి. కారినది క్షారం కాబట్టి వెనిగర్ గాని నిమ్మరసం గాని కొద్దిగా రాసి ఆ క్షార గుణాన్ని పోగొట్టాలి. తర్వాత శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చేతికి తొడుగులు వేసుకోండి.

మీ అటక మీద ఇలాంటిది ఉంటే దించి, పొడిగుడ్డతో తుడిచి, తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి. ఆయన మూత విప్పి చూసేదాకా ప్లగ్గు మాత్రం పెట్టకండి.